అడగందే

రోజుకి ఎనిమిది గంటలు
కాడ్ చేపల పొట్టల్లోంచి కార్జాలు తీస్తాను.
వేలికి తగలగానే తెలిసిపోతుంది నాకు
ఏది కడుపారా తిన్న చేపదో,
ఏది డొక్క మాడిన చేపదో.

మార్చి నెల. లోఫోటెన్ దీవుల్లో కొయ్యపందిళ్ల మీద
తలల్లేని చేపలు జంటలు జంటలుగా వేలాడే నెల.
మా తారాల్డ్‌కి పన్నెండేళ్లు.
బడి వదలగానే మిగతా పిల్లల్లాగే ఇక్కడికే వస్తాడు,
తలని మేకుకి గుచ్చి నాలుక కోసి
కిలోకి ఇంతని అమ్ముకుంటాడు.
ఆ రోజు ముప్పై కిలోలు. పందెంలో గెలిచాడు.
గెలిచినవాడికి ఆకలి గుర్తుండదు.

రాత్రి రెండున్నరకి సెన్సార్ కూసింది.
రెండు పాయింట్ ఒకటి.
దుప్పటి చెమటకి తడిసి ముద్దయింది.
"తారాల్డ్" అన్నాను. వాడి కళ్లు నన్ను దాటి
గోడకేసి చూశాయి.
యాపిల్ రసం గ్లాసు పళ్లకి తగిలి
మెడ మీదికి కారింది.

ఎనిమిదేళ్ల కిందట నర్సు రాన్వెయ్
కాగితం మీద క్లోమాన్ని గీసింది.
అది అచ్చం చేప నాలుకలాగే వచ్చింది.
"ఇందులో రెండు గొంతులు.
భోజనమయ్యాక ఒకటి అంటుంది: చాలు, దాచు.
పస్తు వేళ రెండోది అంటుంది: తియ్యి.
రెండు మాటలూ ముందు కాలేయం చెవినే పడతాయి,
పక్కింటి పిలుపులా.
ఆ తర్వాతే ఒళ్లంతా వింటుంది."

మావాడికి మొదటి గొంతు ఎప్పుడో పోయింది.
దాన్ని నేను సూదితో పోస్తాను,
అది చర్మం కిందనుంచి దొడ్డిదారిన వెళ్తుంది,
కాలేయం ఆఖరున వింటుంది, సగమే వింటుంది.

రెండోది పోలేదు. ఉంది.
ఉండీ, అవసరానికి పెగలదు.
పొరుగు గొంతు తగ్గినప్పుడు తను అందుకోవడం దాని అలవాటు.
ఇప్పుడు పొరుగంతా నిశ్శబ్దమే.
ఎప్పుడు అందుకోవాలో దానికి తెలీదు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు.
కాలేయం ఆ అమ్మ.
గాదె నిండా గింజలున్నా
అడిగే గొంతు వినపడాలి.

నారింజ రంగు డబ్బా తెరిచాను.
బుడ్డిలో తెల్లపొడి, సిరంజిలో నీళ్లు.
నీళ్లు పొడిలోకి, కరిగాక మళ్లీ సిరంజిలోకి.
రోజూ వెయ్యి కార్జాలు తీసే చేతులు
ఆ చిన్న మూత మీద మూడుసార్లు జారాయి.
తొడలో గుచ్చాను. పక్కకి తిప్పి పడుకోబెట్టాను.

అడగడమైతే అయింది. వింటుందా?
విన్నా, ఇవ్వడానికేముంది?
సాయంత్రమంతా వాడి భుజాలూ మణికట్లూ
గాదెలోంచి తోడుకుంటూనే ఉన్నాయి,
కత్తివేటుకో గింజ.
అడుగు ఊడ్చిన గాదె ముందు ఎంత అరిచి ఏం లాభం?
కరువొస్తే కాలేయం
కండ కరిగినదాన్నీ, కొవ్వు విరిగినదాన్నీ
ఏరుకొచ్చి చక్కెర వండుతుందట.
ఆ వంటకి పొద్దు పడుతుందట.
రాన్వెయ్ అదీ చెప్పింది, నేను అడక్కపోయినా.

అంబులెన్సు వంతెన అవతల మంచులో ఉంది.
పొరుగింటి ఒడ్లాగ్ టార్చి పట్టుకుని మెట్ల మీద నిలబడింది.
నేను వాడి పక్కటెముకల కింద, కుడివైపు
అరచెయ్యి వేశాను.
ఇన్నేళ్లూ ఇన్ని వేలు చల్లగా చేతికొచ్చాయి నాకు.
ఇదొక్కటే వెచ్చగా, కనిపించకుండా.
నిండుగా ఉందో ఖాళీగా ఉందో
వేలికి తెలియలేదు.

నాలుగు నిమిషాలు. ఏడు.
పదకొండు.

రెండు పాయింట్ ఎనిమిది.
మూడు పాయింట్ ఆరు.
కనురెప్ప కదిలింది. వెంటనే వాంతి, నా ఒళ్లో.
అంత మంచి వాంతి నేనెప్పుడూ చూడలేదు.

"అమ్మా, నా నాలుకల డబ్బులేవి?" అన్నాడు.
రొట్టె మీద బ్రౌన్ చీజ్ కోసి పెట్టాను,
అడక్కుండానే.
తీసిన గాదెలో తిరిగి పొయ్యాలి కదా.

రెండు రోజులాగి పనిలోకెళ్లాను.
మొదటి చేప పొట్టలో చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయాను.
వెనకనుంచి ఎవరో కత్తి అడిగారు.
వినపడలేదు.
రెండోసారి అడిగితే ఇచ్చాను.